ఆవరణలో ఒక్క చెయ్యి

పెంకుల ఫ్యాక్టరీ ఊరు,
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

నువ్వు రాసిన కార్డు అందింది. చేరాను, పని దొరికింది అని రాసి, మిగతా కార్డంతా ఖాళీగా వదిలేశావు. ఆ ఖాళీలో ఏం రాయాలనుకుని మానేశావో అని రోజూ తిప్పి చూస్తున్నాను.

ఇక్కడ అంతా మామూలే. బట్టీలు మండుతున్నాయి, పెంకులు కాలుతున్నాయి. నేను పెంకుల గదిలో కూర్చుని ఒక్కోదాన్నీ చెక్క సుత్తితో తట్టి వింటున్నాను. మంచిది ఖంగుమంటుంది, నెర్రె ఉన్నది బొంగురుగా పలుకుతుంది. నీ బట్టీ దగ్గర కొత్తవాణ్ణి పెట్టారు. వాడికింకా మంట రంగు చూడటం రాలేదు, సగం పెంకులు మాడిపోయి వస్తున్నాయి. మేస్త్రీ వాణ్ణి తిడుతున్నాడు కానీ పొరపాటున కూడా నీ పేరెత్తడు.

నీకొక సంగతి చెప్పాలి. చేతులెత్తి ఓట్లేసిన ఆ రోజు నువ్వు ముందు వరసలో ఉన్నావు, వెనక ఏం జరిగిందో నీకు కనపడలేదు. మేం ఆడవాళ్ళం కిటికీల దగ్గర నిలబడ్డాం. చెయ్యెత్తే హక్కు మాకెలాగూ లేదు, చూడొద్దని మాత్రం ఎవరూ అనలేదు. "యజమాని అల్లుడుగారికి" అనగానే ఆవరణ నిండా చేతులు లేచాయి. "స్కూలు మాస్టారికి" అన్నప్పుడు నీ ఒక్క చెయ్యి లేచింది. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. నీ పక్కనే పొట్టోడు ఉన్నాడు కదా, వాడి చెయ్యి నడుం దాకా వచ్చింది. అక్కడాగి చొక్కా గుండీ సర్దుకుని దిగిపోయింది. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. వేరేవాళ్ళ నోట వినేకంటే నా దగ్గర వినడమే మంచిదనిపించింది.

మేస్త్రీ "చూశాంలే, ఇక దించు" అన్నాడు. నువ్వు దించలేదు. మాస్టారు కుర్చీలోంచి లేచి నీవైపు తలాడించేదాకా అలాగే ఉన్నావు. కిటికీ దగ్గర నా పక్కనున్నావిడ, "మీ తమ్ముడికి పిచ్చా?" అంది. అవునన్నాను.

ఉత్తరాలు ఇకనుంచి ఇంటికి కాకుండా పెంకుల గది చిరునామాకి రాయి. పోస్టుమాన్ ముందు అక్కడికే వస్తాడు, తొందరగా అందుతాయి. వేళకి తిను.

మీ అక్క

*

రేవు పట్నం,
చలి మొదలయింది

అక్కా,

నేను బాగానే ఉన్నాను. రేవులో పూడిక తీసే డ్రెడ్జరు మీద బాయిలరు పని. మంట ఎక్కడైనా మంటే కాబట్టి కష్టం లేదు. ఉండటానికి గది దొరికింది. కిటికీ ఉంది, తెరిస్తే నీళ్ళు కనపడతాయి. గదిలో ఇంకో ముగ్గురున్నారు, మంచివాళ్ళే.

పొట్టోడి గుండీ సంగతి చదివాక ఉత్తరం మడిచి లోపల పెట్టేశాను. ముందురోజు సాయంత్రం వాడు నా భుజం మీద చెయ్యేసి, "పదిమందిమి ఉన్నాంరా, నువ్వు ఎత్తు చాలు" అన్నాడు. చిన్నప్పటినుంచీ వాడు నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ రోజు కూడా అబద్ధమాడాడని అనుకోను. పదిమందీ ఉన్నారు. చేతులే లేవు.

మొన్న ఇక్కడ ఎన్నికలన్నారు. నాకు ఓటుంటుందేమోనని ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు వెనక ఒకాయన కళ్ళెత్తకుండానే అడిగాడు.

"సొంత ఇల్లా?"

"కాదండి."

"కంపెనీ ఇచ్చిన ఇల్లా?"

"కాదండి. నలుగురం కలిసి ఒకచోట ఉంటాం."

"అయితే లేదు. ఇంటి యజమానికి ఒక ఓటు. కంపెనీ క్వార్టర్ అయితే ఆ ఇంటి మగ పెద్దకి. మంచాలకి ఓట్లివ్వరు."

ఆయన ఎగతాళిగా అనలేదు, రూలు అలా ఉందంతే. అక్కడ నాకు కంపెనీ ఇల్లుంటే, ఓటేసినందుకు ఆ ఇల్లు పోయింది. ఇక్కడ ఇల్లు లేదు కాబట్టి ఓటు లేదు. ఇల్లూ ఓటూ ఒకేసారి నా దగ్గర ఉండనంటున్నాయి.

నేను చేసినదానికి నిన్నేమీ అనడం లేదు కదా? బావ బట్టీలో పోయాక ఇచ్చిన ఇల్లు నీది, దాని జోలికి రారు కదా? ఆ సంగతి స్పష్టంగా రాయి.

తమ్ముడు

*

పెంకుల ఫ్యాక్టరీ ఊరు,
చలి బాగా ముదిరింది

తమ్ముడూ,

నీ గదికి కిటికీ ఉందంటే సంతోషం. పట్నంలో అలాంటి గది దొరకడం మాటలు కాదు.

ఇంటి సంగతి అడిగావు. దానికేం, గోడలు గోడల్లాగే ఉన్నాయి. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఒకటి మాత్రం మారింది. మధ్యాహ్నం డబ్బా విప్పే వేళకి నా బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడకి ఎండ తగులుతోందట, ఇంకొకావిడకి గాలి తగులుతోందట. అలా ఒక్కొక్కరే అవతలి బల్లకి జరిగారు. అక్కడ మోచేతులు తగుల్తూ ఇరుక్కుని తింటున్నారు. ఇక్కడ నాకు చోటే చోటు.

ఊళ్ళో కొత్త కబురొకటి. రాజధాని నుంచి ముగ్గురు పెద్దమనుషుల కమిషన్ వస్తోందట. ఓట్లు ఎలా తీసుకుంటున్నారో ఊరూరా తిరిగి విచారిస్తారట. చేతులెత్తించడం మానేసి, కాగితం మీద గుర్తు పెట్టించి పెట్టెలో వేయించాలని అక్కడ ఎవరో అడిగారట. చాలా ఊళ్ళనుంచి అర్జీలు వెళ్ళాయి, మన మాస్టారు కూడా ఒకటి పంపారు. మేస్త్రీ బట్టీ బట్టీకీ తిరిగి చెప్పాడు.

"కమిషన్ వాళ్ళు ఒకరోజుండి పోతారు. మనం రోజూ ఉంటాం. అది గుర్తుపెట్టుకుని వెళ్ళేవాళ్ళు వెళ్ళండి."

ఇంక ఎవరు వెళతారు? వెళ్ళరు. నాకెందుకులే, నాకసలు ఓటే లేదు.

దుప్పటి ఉందా నీ దగ్గర?

మీ అక్క

*

రేవు పట్నం,
ఆదివారం

అక్కా,

ఆదివారం ఒడ్డుకు దిగినప్పుడు క్షవరం షాపులో పేపరు చదువుతాను. ఈరోజు చదువుతూ ఉలిక్కిపడితే, షాపాయన కత్తి పక్కకి తీసి, "కదిలావంటే చెవి నాది కాదు" అన్నాడు.

కమిషన్ గురించి లోపలి పేజీలో నాలుగు ముక్కలు రాశారు. ఒక పెంకుల ఫ్యాక్టరీ ఊళ్ళో ఓటున్నవాళ్ళెవరూ సాక్ష్యం చెప్పడానికి రాలేదట. ఓటు లేని ఒక వితంతువు మాత్రం వచ్చి, బహిరంగంగా ఓటేసినవాడికి ఏం జరిగిందో చెప్పిందట. పేరు వెయ్యలేదు.

నువ్వు కాదని రాయి. నువ్వే అయితే, ఎందుకు వెళ్ళావో రాయి. నాకెందుకులే అని రాసినదానివి. ఆ ఇల్లు కూడా లాక్కుంటే ఎక్కడుంటావు? మన ఇంట్లో ఇలాంటి పని చెయ్యడానికి ఒక్కణ్ణి నేను చాలు. నేను మగవాణ్ణి, ఏ ఊళ్ళోనైనా బొగ్గు విసిరి బతుకుతాను. నీకు తెలిసింది ఆ పెంకులొక్కటే.

వెంటనే జవాబు రాయి.

తమ్ముడు

*

పెంకుల గది వెనక,
బుధవారం

తమ్ముడూ,

పైన చిరునామా చూశావు కదా. ఇల్లు లాక్కుంటారని భయపడకు. నువ్వెళ్ళిన వారానికే ఖాళీ చేయించారు. సామాన్ల గదిలో సగం అడ్డం కట్టి నాకిచ్చారు. పగలగొట్టిన పెంకులు గోడ అవతల కుప్పపోస్తారు, అదొక్కటే చప్పుడు. పోస్టుమాన్ సంగతి నీకలా రాయాల్సొచ్చింది. చెబితే వెనక్కి వచ్చేస్తావని భయపడ్డాను. వచ్చి ఏం చేస్తావు, నీకిక్కడ పని కూడా లేదు.

వెళ్ళాలని అనుకోలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పాను. ఎదురు బల్ల మీద అందరూ ఉన్నారు. కమిషన్ వాళ్ళు స్కూల్లో పొద్దున్నుంచీ ఖాళీగా కూర్చున్నారని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను డబ్బా మూసేసి లేచాను.

మేస్త్రీ స్కూలు గేటు దగ్గరున్నాడు. "ఏమ్మా, దారి తప్పావా?" అన్నాడు. "లేదయ్యా, స్కూలు ఇదే కదా" అని లోపలికి వెళ్ళాను. ఒళ్ళంతా మట్టి దుమ్ము. అక్కడున్న ముగ్గురిలో పెద్దాయన, పాపం, మంచివాడే, కుర్చీ చూపించాడు.

"నీకు ఓటుందా అమ్మా?"

"లేదండి."

"మరి ఏం చెబుతావు?"

"చూసింది చెబుతానండి. ఓటున్నవాళ్ళకి ఇళ్ళున్నాయి, చెప్పలేరు. నాకిప్పుడు రెండూ లేవు."

"చెయ్యెత్తితే ఏమవుతుంది?"

"అందరితోపాటు ఎత్తితే ఏమీ కాదండి. ఒక్కడే ఎత్తితే మా తమ్ముడవుతాడు."

రాసుకునే ఆయన తలెత్తి చూశాడు. అప్పుడు నీ సంగతంతా చెప్పాను. సరిగ్గా చెప్పలేదులే. ముందు జరిగింది వెనక చెప్పాను, మాస్టారి మాట మర్చేపోయాను. పెద్దాయన చివర్న అడిగాడు.

"ఎవరికీ కనపడకుండా వేసే వీలుంటే వీళ్ళు వేరేలా వేస్తారంటావా?"

"వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలీదండి. వాళ్ళకైనా తెలియనివ్వండి."

అంతే. బయటికి వస్తే మేస్త్రీ లేడు. పనిలోంచి తియ్యలేదు. పెంకుల్ని చెవితో పట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు, అదొకటి ఆదుకుంది.

ఇంకొక్క మాట. ఆదివారం ఒడ్డుకు దిగినప్పుడు అని రాశావు. గదిలో ఉండేవాడు ఒడ్డుకు దిగడమేమిటి నాయనా?

మీ అక్క

*

డ్రెడ్జరు, రేవు,
ఎండలు వస్తున్నాయి

అక్కా,

పట్టేశావు. గది లేదు. కిటికీ అంతకంటే లేదు. డ్రెడ్జరులోనే అరల్లాంటి పడకలు, కింద ఒకరు పైన ఒకరు. ఆదివారం చిన్న పడవలో ఒడ్డుకు తీసుకెళ్తారు, సాయంత్రం మళ్ళీ ఎక్కిస్తారు. మంచివాళ్ళని రాసిన ముగ్గురి భాష నాకు సగమే అర్థమవుతుంది. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను, కాసేపటికి దేనికి నవ్వానా అనుకుంటాను. బాయిలరు ముందు కూర్చుంటే మాట్లాడే అవసరం రాదు. మొన్న క్షవరం షాపులో "చాలు" అనబోతే నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. ఆ వారంలో అదే మొదటి మాట.

ఇద్దరం ఒకరికొకరం బాగానే రాసుకున్నాం. నీకేమో గోడలు గోడల్లాగే ఉన్నాయి, నాకేమో కిటికీలోంచి నీళ్ళు కనపడుతున్నాయి.

నిన్ను కోప్పడాలని నాలుగుసార్లు రాయబోయి చించేశాను. ఆ స్కూల్లో నీ పక్కన నేను లేను. అందుకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీద చూపించబోయాను.

చట్టం వచ్చింది, చూశావా? వచ్చే ఎన్నికల్లో చేతులెత్తడం ఉండదు. కాగితం, పెట్టె. ఓటు మాత్రం పాతవాళ్ళకే. ఇల్లు లేనివాడికీ ఆడవాళ్ళకీ ఇప్పుడే తొందర లేదని శాసనసభలో ఒక సభ్యుడు మాట్లాడాడట. తొందర లేనిది ఆయనకి.

తమ్ముడు

*

పెంకుల గది వెనక,
ఎన్నికలైన మర్నాడు

తమ్ముడూ,

పెట్టె వచ్చింది. రేకు పెట్టె, తాళం, మూత మీద చీలిక. స్కూల్లో బల్ల మీద పెట్టారు. కాగితం ఎంత పలచగా ఉందంటే, మడిచినా గుర్తు అవతలికి కనపడుతోంది. మేస్త్రీ పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని పెట్టె పక్కనే కూర్చున్నాడు. కూర్చోకూడదని రూల్లో ఎక్కడా లేదట. ఒక్కొక్కరు వచ్చి కాగితం వెయ్యడం, ఆయన వెలుతురుకేసి తల వంచి చూడటం. మేం మళ్ళీ కిటికీల దగ్గరే.

అప్పుడు ఒకడు కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, గోరంత చేసి వేశాడు. వాడి వెనకవాడూ అంతే. తర్వాత అందరూ మడతలే మడతలు. అల్లుడికి వేసినవాళ్ళు కూడా మడిచారు. చీలికలో పట్టక పుల్లతో తొయ్యాల్సి వచ్చింది. మేస్త్రీ కుర్చీలోంచి లేచి టీకి వెళ్ళాడు.

గెలిచింది అల్లుడుగారే. ఆశ పెట్టుకోకు. కానీ మాస్టారికి మూడోవంతు పడ్డాయి. లెక్క చదివినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఇళ్ళకి పోయారు. సాయంత్రానికి అందరూ గుసగుసగా నేనే వేశానంటే నేనే వేశానంటున్నారు. నా చెవిన పడ్డంతవరకు లెక్కేస్తే మాస్టారు గెలిచి ఉండాలి.

పొట్టోడు కూడా వచ్చాడు. తలుపు బయటే నిలబడి, "నేను వేశానక్కా" అన్నాడు. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది, ఇంక ఎప్పటికీ తెలియదు. పెట్టె అంటే అదే కదా. "సరేలే" అన్నాను. వాడు వెళ్ళలేదు. "ఆ రోజు మా ఆవిడకి నెలలు నిండాయక్కా. ఇల్లు పోతే ఎక్కడ పెట్టను" అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. నీకూ తెలుసు.

నీకు రాయనిది ఇంకొకటుంది. నేనీ గదిలోకి వచ్చినప్పట్నుంచీ ఎవరో తలుపు దగ్గర బొగ్గులు పెట్టి పోయేవారు. చలి ఉన్నన్నాళ్ళూ పెట్టారు. అది వాడే. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. వద్దనలేదు. వద్దంటే చలి ఆగుతుందా?

మీ అక్క

*

డ్రెడ్జరు, రేవు

అక్కా,

ఉత్తరం అందింది. ఆరోగ్యం బాగానే ఉంది.

వాడి సంగతి ఇంక నాకు రాయకు. వాడి భార్య నెలలు నిండిన మనిషని నాకు తెలుసు. తెలిసే, నువ్వు ఎత్తొద్దులేరా అని వాడితో ముందురోజే అన్నాను. వాడే కాదన్నాడు. నేను ఒక్కణ్ణేనని తెలిసి ఎత్తి ఉంటే అది నా నిర్ణయం. పదిమందిమి అని నమ్మించి ఒక్కణ్ణి చేశాడు. ఆ బొగ్గులు నీకు వెచ్చగా ఉన్నాయంటే మంచిదే.

తమ్ముడు

*

పెంకుల గది వెనక,
మళ్ళీ వానలు

తమ్ముడూ,

నువ్వు రాయడం మానేసి ఏడాది దాటింది. నేను రాసిన వాటికి జవాబు లేదు. తిరిగి కూడా రాలేదు కాబట్టి అందుతున్నాయనే అనుకుంటున్నాను. పోస్టుమాన్ నన్ను చూస్తే దూరంనుంచే తల అడ్డంగా ఊపుతాడు, మంచివాడు, ఆశ పెట్టడు.

ఇక్కడి సంగతులు. రూళ్ళు మళ్ళీ మార్చారు. మన ఊళ్ళోలాగే చాలా ఊళ్ళల్లో మేస్త్రీలు కుర్చీలేసుకున్నారట. కాగితం ఇప్పుడు అట్టలాంటిది. పెట్టెకి వంద అడుగుల లోపు కంపెనీ మనుషులు ఉండకూడదు. గుర్తు పెట్టడానికి గుడ్డ కట్టిన మూల. అద్దెకున్నవాళ్ళకీ ఓటు, రసీదు చూపిస్తే చాలు. ఆఖర్న ఆడవాళ్ళకీ ఇచ్చారు. ముప్పై దాటినవాళ్ళకి ముందు, మిగతావాళ్ళకి తర్వాత చూస్తారట. ముప్పై దాటిన సంగతి ఎవరూ ఒప్పుకోరని ఫ్యాక్టరీలో నవ్వుకున్నాం. పేర్లు రాయడానికి వస్తే వరసలో నేనే ముందున్నాను.

అవును, నవ్వుకున్నాం అని రాశాను. ఎండ తగిలిందన్నావిడ ఒకరోజు తన డబ్బా తెచ్చుకుని నా బల్ల దగ్గర కూర్చుంది. ఎందుకొచ్చావని నేనడగలేదు.

కానీ పెంకుల దగ్గర ఇప్పుడు లేను. చెవులు మందగించాయి. మొదట పెంకులే బాగా కాలడం లేదనుకున్నాను. నెర్రెవి కొన్ని మంచివాటిలో కలిసి వెళ్ళాక తెలిసింది. ఇప్పుడు పేర్చే పనిలో వేశారు. చుట్టూ అందరూ పెదాలు కదుపుతుంటారు. గోడ అవతల కుప్పపోసే చప్పుడు కూడా లేదు. పేర్చే పనికి గది ఇవ్వరట, ఎన్నికలయ్యేదాకా ఉండనిస్తామన్నారు.

నువ్వు రాయొద్దన్న సంగతి ఒకటి రాయక తప్పదు. అల్లుడి మీద ఈసారి నిలబడుతున్నది పొట్టోడు. మాస్టారికి ఒంట్లో బాగాలేదు, ఆయనే వీణ్ణి నిలబెట్టారు. ఇప్పుడు ఇల్లు పోతే ఎలాగరా అన్నాను. "పోయిందక్కా, నిన్ననే" అన్నాడు. పిల్లనెత్తుకుని మాస్టారి వసారాలో ఉంటున్నారు.

నువ్వొచ్చి ఇక్కడ పేరు రాయించుకో. ఒక్కో ఓటూ లెక్కకొచ్చేలా ఉంది.

మీ అక్క

*

తాళ్ళ కొట్టు మేడమీద, రేవు పట్నం,
వానలు తగ్గాయి

అక్కా,

నీ చెవుల సంగతి చదివి ఆ రోజు పని చెయ్యలేకపోయాను. ఏడాది పాటు నీకు నా మాట లేకుండా చేశాను. ఇప్పుడు ఎవరి మాటా లేదంటున్నావు.

పై చిరునామా నిజమే. అద్దెవాళ్ళకి ఓటన్న రూలు వచ్చిన వారమే ఈ గది తీసుకున్నాను. రసీదు కోసం తీసుకున్నానని ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇక్కడ ముందు పట్టణ ఎన్నికలు వచ్చాయి. మొన్న ఓటేశాను. చిన్నపిల్లల స్కూలు, మోకాళ్ళ ఎత్తు బల్లలు. గుడ్డ వెనక్కి వెళ్ళి చాలాసేపు నిలబడిపోయాను. బయటినుంచి ఒకావిడ "అయిందా అండీ?" అంది. ఈ ఊళ్ళో నన్ను అండీ అన్న మొదటి మనిషి ఆవిడే.

అక్కడ నిలబడ్డప్పుడు ఒకటి తోచింది. నేను ఏ గుర్తు పెట్టినా నన్ను చూసేవాళ్ళు లేరు. నాకక్కడ ఏ ధైర్యమూ అక్కర్లేకపోయింది. అలా అక్కర్లేకుండా చెయ్యడానికే కదా ఇన్ని రూళ్ళు మార్చింది. ధైర్యమున్నవాళ్ళే ఓటెయ్యాలంటే ఆ రోజు మన ఆవరణలోలాగే ఉంటుంది, ఒక్కడు మిగులుతాడు. పొట్టోడికి ఆ రోజు లేనిది ఎవరికీ ఉండాల్సిన అవసరం లేదు. ఇది తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వాడిప్పుడు ఇల్లు పోగొట్టుకుని మరీ నిలబడ్డాడు. నేను రాయలేను, నువ్వే చెప్పు. ఏం చెప్పాలో నీకు తెలుసు.

రమ్మన్నావు. నా పేరు ఇక్కడి జాబితాలో ఎక్కింది, రెండుచోట్ల ఉండకూడదు. అది సాకు. ఆ ఊళ్ళో నడవడం నావల్ల కాదక్కా. కోపం పోయింది, కానీ కాళ్ళు రావడం లేదు.

ఓటేసి వచ్చాక గదిలో ఎవరికి చెప్పాలో తెలియలేదు. దీపం బుడ్డి తుడిచాను, తుడిచిందే తుడిచాను. నీళ్ళ మీద పడుకుని పడుకుని ఇక్కడ నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. ఇద్దరు ఉండగలిగే గది. కిటికీలు రెండు, వచ్చి లెక్కపెట్టుకో. నువ్వే రా.

తమ్ముడు

*

పెంకుల గది వెనక,
ఓటేసిన సాయంత్రం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివిన రోజే వద్దామనుకున్నాను. కానీ ఇన్నేళ్ళు కిటికీలోంచి చూసి, తలుపు తీసినరోజున వెళ్ళిపోవడం బాగుండదనిపించింది. అందుకని ఆగాను.

పొద్దున్నే ఆడవాళ్ళమంతా కలిసి వెళ్ళాం. ఎండ తగిలిందన్నావిడ నా చెయ్యి పట్టుకుంది. అధికారి ఏదో అడిగాడు, నాకు వినపడలేదు. ఆవిడ నా చెవి దగ్గర నోరు పెట్టి, "పేరు చెప్పమంటున్నాడు" అని అరిచింది. చెప్పాను. ఆయన జాబితాలో వేలు పెట్టి వెతికి, కాగితం ఇచ్చాడు. అట్టలాగే ఉంది, మడవడానికి రెండు చేతులూ కావాలి. గుడ్డ వెనక ఆవిణ్ణి రానివ్వలేదు. అక్కడ నేనొక్కదాన్నే. నాకు ఎలాగూ ఈమధ్య చుట్టూ నిశ్శబ్దమే, కానీ అక్కడిది వేరేగా ఉంది. తొందరపెట్టేవాళ్ళు లేని నిశ్శబ్దం. ఎవరికి వేశానో నీకు కూడా చెప్పను.

వంద అడుగుల అవతల గీత గీశారు. దానికావల ఒక పక్క మేస్త్రీ, ఒక పక్క పొట్టోడు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ ఎండే. వెళ్ళి నీ మాట చెప్పాను. "వాడికి నీ మీద కోపం పోయిందిరా" అన్నాను. వాడు పెదాలు కదిపాడు. "నాకు వినపడదు, గట్టిగా చెప్పు" అన్నాను. మళ్ళీ చెప్పలేదు. ఇందాక వచ్చి నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని స్టేషనులో అప్పగించి వచ్చాడు. పక్కన పిల్ల కూడా ఉంది, వాడిలా పొట్టిదయ్యేలా లేదు, ఈడుకి బాగానే ఎదిగింది.

గెలుస్తాడో లేదో తెలీదు. రేపు సాయంత్రం లెక్కపెడతారట. అది చూసి వెళ్ళమని అందరూ అన్నారు. గెలిచినా ఓడినా నేను కాగితం వేసినట్టే కదా అన్నాను. మీ ఊళ్ళో జాబితా మళ్ళీ రాసేదాకా నాకు ఓటివ్వరట. ఫరవాలేదు, ఆగడం నాకు వచ్చు.

పొద్దున్న బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కూడా అదే బండిలో వస్తుంది. మరి ఎందుకు రాస్తున్నానంటావు. ఇన్నేళ్ళ తర్వాత ఎదురెదురుగా కూర్చుంటే నీకు మాట రాదు, వచ్చినా నాకు వినపడదు. అప్పుడు పోస్టుమాన్ ఇది తెచ్చిస్తాడు. ఇద్దరం దగ్గరగా జరిగి చదువుకుందాం.

మీ అక్క